ఎనిమిదేళ్లు వేసిన పాచికలు: డి4 నుంచి డి20 దాకా

ఎనిమిదేళ్లుగా దాదాపు ప్రతి వారం రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటలు) ఆడుతున్నాను. మొదట్లో ఆటగాడిగా, ఇప్పుడు ఎక్కువగా ఆట నడిపించే గేమ్ మాస్టర్‌గా. తొలిసారి కొన్న ఏడు పాచికల సెట్ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. వీటి పేర్లలో డి అంటే డైస్, పక్కనున్న అంకె ముఖాల సంఖ్య. నంబర్లకు వేసిన తెల్ల రంగు సగం పోయింది, డి20 అంచు ఒకచోట చిట్లింది. పాచికలు కొనేటప్పుడు అందరం రంగు చూస్తాం, మెరుపు చూస్తాం. ఇన్నేళ్లు వాడాక నాకు ముఖ్యమనిపించేది ఆకారం. అది చేతిలో ఎలా ఇముడుతుంది, ఎంత దూరం దొర్లుతుంది, ఆగాక నంబరు ఎంత త్వరగా కనబడుతుంది అన్నవే ఆటను నడిపిస్తాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది డి4. నాలుగు త్రిభుజాల పిరమిడ్. ఇది దొర్లదు, వదిలితే టక్కున కూలబడుతుంది. ఆగాక పైకి ముఖం రాదు, మొన వస్తుంది. అందుకని కొందరు తయారీదారులు నంబర్లను మొనల దగ్గర వేస్తారు, కొందరు అంచుల వెంట వేస్తారు. ఒకసారి మా ఆటకు కొత్తగా వచ్చిన అమ్మాయి బాకు దెబ్బకు డి4 వేసింది. తన వైపున్న ముఖం మీద పక్కకు వాలి ఉన్న 4 చూసి సంబరపడింది. పక్కన కూర్చున్నతను మొన దగ్గరున్న 1 చూపించాడు. అతనే కరెక్ట్, కానీ ఆ అమ్మాయి ముఖంలో వెలుగు పోవడం నాకింకా గుర్తుంది. కనిపించే మూడు ముఖాల మీదా నిటారుగా నిలబడి ఉన్న నంబరే ఫలితం. ఈ ఒక్క మాట ముందే చెబితే రెండు రకాల డి4లూ చదవొచ్చు. ఇప్పుడు నేనైతే డి8 వేసి వచ్చినదాన్ని సగం చేస్తాను, అర మిగిలితే పైకి లెక్కేస్తాను. ఒక్కో నంబరుకు నాలుగో వంతు అవకాశమే, లెక్కలో తేడా ఏమీ రాదు. పైగా అది దొర్లుతుంది.

డి8 గురించి ఫిర్యాదే లేదు. రెండు పిరమిడ్లు అడుగులు అంటించినట్టుంటుంది, బుద్ధిగా ఆగుతుంది. డి6 అందరి చేతికీ అలవాటైనదే. దాని అందం గుప్పెడు కలిపి వేసినప్పుడు తెలుస్తుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ ఐదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ అనే మంత్రం దెబ్బకు ఎనిమిది డి6లు వేయాలి. మొత్తం 8 నుంచి 48 దాకా ఎంతైనా రావొచ్చు, సగటు 28. ఆ గలగల శబ్దానికి టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకు వంగుతారు.

నాకు ఇష్టమైనది మాత్రం డి12. పన్నెండు ముఖాలు, ప్రతిదీ వెడల్పాటి పంచభుజి. నంబరు పెద్దగా పడుతుంది, కాస్త దూరం నుంచి కూడా చదవొచ్చు. దొర్లడం కూడా సరిగ్గా కావలసినంతే. ఇంత చక్కటి పాచికకు ఆటలో పని తక్కువ కావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఐదో ఎడిషన్‌లో ఎక్కువగా కనబడేది బార్బేరియన్ అనే యోధుడి పాత్ర హిట్ పాయింట్లకు (ప్రాణాల లెక్క), పెద్ద గొడ్డలి దెబ్బకు. అదే పెద్ద కత్తి పడితే రెండు డి6లు వేస్తాం. ఆకారం ఆటను ఎలా మారుస్తుందో నాకు అర్థమైంది ఇక్కడే. కత్తి సగటు 7, గొడ్డలి సగటు 6.5. చూడ్డానికి దగ్గరదగ్గరే. కానీ రెండు డి6లతో 12 రావడానికి 36లో ఒక్కటే అవకాశం, డి12తో 12లో ఒకటి. అటువైపు చూస్తే 3 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చే అవకాశం గొడ్డలికి 25 శాతం, కత్తికి 8 శాతం పైచిలుకు. కత్తి నమ్మకస్తుడు. గొడ్డలి ఒక రోజు ఆకాశానికెత్తి మరో రోజు నేలకేసి కొడుతుంది. లెక్క కత్తి వైపే ఉందని తెలిసినా రెండేళ్లు గొడ్డలే పట్టాను. ప్రతి దెబ్బకూ గుండె వేగంగా కొట్టుకునేది.

డి20 కూడా అలాంటిదే. ప్రతి నంబరుకూ 5 శాతం అవకాశం, మధ్యలోకి లాగే బలం ఏదీ లేదు. అందుకే ఎన్నేళ్లు ఆడినా ఆ టెన్షన్ తగ్గదు. రెండు డి20లు వేసి పెద్దది తీసుకునే అడ్వాంటేజ్ దొరికితే సగటు 10.5 నుంచి 13.8కి పెరుగుతుంది, 20 వచ్చే అవకాశం 9.75 శాతమవుతుంది. వాడకంలో రెండు చిక్కులున్నాయి. దాదాపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి బల్ల దిగి పోతుంది, అంచులున్న ట్రే తప్పనిసరి. పక్కనుంచి చూస్తే ఏ ముఖం పైనుందో తెలియదు, సరిగ్గా పైనుంచి చూడాలి.

డి20 కొనేటప్పుడు నంబర్ల వరుస కూడా చూడండి. 20 పక్కన 19, దాని పక్కన 18 అని వరుసగా ఉంటే అది మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ప్రాణాలు లెక్కపెట్టుకోవడానికి చేసినది. మా దగ్గర ఒకరు తెలియక కొన్ని నెలలు దాంతోనే ఆడారు. బరువు సమానంగా ఉండి, బాగా దొర్లిస్తే అదీ న్యాయంగానే పడుతుంది. కానీ లోపల గాలి బుడగ ఉన్నా, నెమ్మదిగా జార్చినా, పెద్ద నంబర్లన్నీ ఒకే వైపున్నాయి కాబట్టి ఫలితం మొత్తం ఒక వైపుకు ఒరుగుతుంది. మామూలు డి20లో పెద్దవీ చిన్నవీ కలగలిపి ఉంటాయి, ఎదురెదురు ముఖాలు కలిపితే 21. అనుమానమొస్తే పాచిక తేలేంత ఉప్పు నీళ్లలో వేసి తిప్పి చూడండి. ప్రతిసారీ అదే నంబరు పైకి వస్తుంటే బరువులో తేడా ఉన్నట్టే.

మిగిలింది డి10. మిగతా ఐదింటిలో ప్రతి ముఖమూ సమభుజ ఆకారమే, ఇది ఒక్కటే గాలిపటం ఆకారపు ముఖాలతో ఉంటుంది. సెట్‌లో ఇవి రెండుంటాయి, ఒకదాని మీద 0 నుంచి 9, రెండోదాని మీద 00, 10, 20 అని పదులు. రెండు కలిపి వేస్తే నూరు దాకా లెక్క వస్తుంది, 00తో పాటు 0 పడితే 100. కాల్ ఆఫ్ క్తుల్హూ అనే భయానక రోల్‌ప్లేయింగ్ గేమ్ 1981 నుంచీ ఈ నూరు లెక్క మీదే నడుస్తోంది. ఏది పదుల పాచికో వేయకముందే చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు. పాచికల తయారీదారు లూ జోకీ 1985లో తెచ్చిన నూరు ముఖాల పాచికను కూడా ఒకరి దగ్గర వాడి చూశాను. బంతిలా దొర్లుతూనే ఉంటుంది, ఆగాక పైనున్న ముఖం ఏదో వెతుక్కోవాలి. రెండు డి10లు ఈ పని హాయిగా చేస్తాయి.

కొత్తగా కొనేవాళ్లు ఒక ఏడు పాచికల సెట్, దానికి తోడు అడ్వాంటేజ్ కోసం ఇంకో డి20, నాలుగైదు డి6లు తీసుకోండి. డి4 బదులు రెండో డి8 పెట్టుకున్నా పని నడుస్తుంది.