గ్రేట్ డేన్‌కి మెష్ మంచం: కడప బండల ఇంట్లో పనికొస్తుందా?

కడప, ప్రొద్దుటూరు వైపు ఇళ్లలో కింద నాపరాయే ఎక్కువ. ఎండాకాలం చల్లగా ఉంటుందని మనుషులకి ఇష్టం, గ్రేట్ డేన్ అనే పెద్ద జాతి కుక్కకి ఇంకా ఇష్టం. చిక్కంతా దాని బరువుతోనే. మగది 65 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది, ఒంటి మీద కండే తప్ప కొవ్వుండదు, పడుకునేటప్పుడు మోచేతుల మీద ధబీమని కూలబడుతుంది. రోజూ బండ మీద అదే పని చేస్తే మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి కాయలు కాస్తాయి. కొన్నిటికి అక్కడే నీళ్ల సంచిలా మెత్తటి వాపు వస్తుంది. దాన్ని ఇంట్లో సూదితో పొడవకండి, చీము పడుతుంది. పడక మారిస్తే చిన్న వాపు చాలావరకు అదే తగ్గుతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే ఈ మెష్ మంచం, అంటే ఇనుప గొట్టాల చట్రానికి వల గుడ్డ బిగించినది, 48 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 8 ఎత్తు. అట్టపెట్టె మీద 70 కిలోలు మోస్తుందని రాసుంది. కింద గాలి ఆడుతుంది, చొంగ కారినా నీళ్లు కొట్టి కాసేపు ఎండలో పెడితే చాలు. దూది పరుపుకి పట్టిన ఆ వాసన జన్మలో వదలదు (డేన్ చొంగ సంగతి పెంచేవాళ్లకి తెలుసు).

బిగించేటప్పుడు నాలుగు మూలల బోల్టులూ ముందు వదులుగా ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలలు బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే నాలుగో రంధ్రం కలవదు. వారానికి గుడ్డ సాగుతుంది, మళ్లీ ఓసారి పానా వేయాల్సిందే.

ఇక ఆ 70 కిలోల లెక్క కదలకుండా పడుకున్న బరువుకి. డేన్ మెల్లగా ఎక్కదు, ఎగిరి పడుతుంది. ఆ దెబ్బంతా మూల కుట్టు మీదే, ముందు తెగేదీ అదే. కాళ్ల కింది ప్లాస్టిక్ మూతలు నున్నటి బండ మీద జారతాయి. ఓసారి జారిపడిన కుక్క మళ్లీ దాని మీద కాలు పెట్టదు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడగండి. ఏడాదిన్నర దాకా పెరుగుతూనే ఉండే డేన్ కుక్కపిల్లలకి ఈ జారుడు మరీ చేటు. కీళ్లకి బలమని కాల్షియం పొడి మాత్రం కలపొద్దు. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం అమ్మే మేతలో సరిపడా ఉంటుంది, ఎక్కువైతే ఎముకలే వంకరపోతాయి.

మంచం వసారాలో వేయండి, మిద్దె మీద వద్దు. మే నెల మధ్యాహ్నం కాలిన బండ సెగ గుడ్డ కిందనుంచి తగులుతుంది. తిన్నాక గంటసేపు పరుగులు పెట్టనీయకుండా దీని మీదే ఉంచొచ్చు, ఈ జాతికి కడుపు మెలిపడే జబ్బు ఎక్కువ. పొట్ట ఉబ్బి, వాంతికి తన్నుకులాడి ఏమీ రాకపోతే మాత్రం పడుకోబెట్టి చూడకండి, ఆ నిమిషమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి అరడుగు కలిపితే కావలసిన పొడవు వస్తుంది. ఆ కొలత సరిపోతే ఆడ డేన్‌కి ఇది కొనొచ్చు. మగదానికైతే తల బయటికి వేలాడుతుంది, వెల్డింగ్ షాపులో ఐదడుగుల చట్రం చేయించి నైలాన్ నవారు అల్లించడం మేలు. అల్లిక సందులు దగ్గరగా ఉండాలి, గోరు ఇరుక్కుంటే మొదలంటా చీలుతుంది.