కరోనా బ్యాచ్ పిల్లలకు టెన్త్ తర్వాత ఏది మేలు: హాస్టలా, ఇంటి దగ్గరి కాలేజీయా?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. నేను అల్లూరు దగ్గర ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికొచ్చే పిలకాయల అమ్మానాన్నలు, వాళ్ళ చుట్టాలు, వాళ్ళ ద్వారా నంబరు తెలుసుకున్న కావలి వాళ్ళు, కనిగిరి వాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. "మా వాణ్ణి నెల్లూరులో హాస్టల్లో వేద్దామా, ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో చేర్పిద్దామా, లేకపోతే పాలిటెక్నిక్‌కు పంపుదామా?" ఒక్కొక్కరికి అరగంట చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా. ఈ ఏడాది మా అబ్బాయి విషయంలో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి పుస్తకాల మాటలు కావు ఇవి.

ముందు ఈ పిల్లలెవరో గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 19న మన ఆంధ్రప్రదేశ్‌లో బడులు మూసేనాటికి వీళ్ళు నాలుగో తరగతి. ఐదో తరగతి మొత్తం ఫోన్లలో, టీవీలో సప్తగిరి ఛానల్ పాఠాల్లో గడిచింది. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్ళకు బడి మళ్ళీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. రెండో వేవ్ రావడంతో ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూత. ఆగస్టు 16న తెరిచేసరికి ఆరో తరగతిలో కూర్చున్నారు. అంటే ఐదో తరగతిలో వీళ్ళు బడి ముఖం చూసింది గట్టిగా రెండున్నర నెలలు. భిన్నాలు, దశాంశాలు, పెద్ద భాగాహారాలు కుదురుకోవాల్సిన ఏడాది అది.

టెన్త్ పాసయ్యారు కదా, ఇంకా ఆ పాత గొడవ ఎందుకు అంటారు చాలామంది. నేను మాత్రం అన్నిటికంటే ముందు అదే చూడమంటాను. ఎందుకో మా అక్క కొడుకు సంగతి చెబితే అర్థమవుతుంది.

వాడు మా వాడి కంటే ఒక తరగతి పెద్ద. మా బావ బెంగళూరులో టిఫిన్ బండి నడిపేవాడు. లాక్‌డౌన్‌లో బండి ఆగిపోయింది, రెండు నెలలు అద్దె కట్టి, ఇక కట్టలేక కుటుంబమంతా మా ఊరికి వచ్చేశారు. బావ రొయ్యల గుంటల మీద కాపలాకు కుదిరాడు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది బావతోపాటే గుంట మీదికి పోయేది. పొద్దున పది గంటలకు పెట్టిన పాఠం పిల్లవాడు రాత్రి తొమ్మిదికి చూసేవాడు. ఒక్కోరోజు నాయన కోసం అన్నం క్యారేజీ తీసుకుపోయి, అక్కడే గట్టు మీద ఏరేటర్ల చప్పుడులో కూర్చుని హోంవర్కు ఫొటో తీసి పంపేవాడు. మేత చల్లడం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూడడం ఆ ఏడాదే నేర్చుకున్నాడు. భిన్నాలు నేర్చుకోలేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. నేను ట్యూషన్ చెప్పేదాన్ని అయ్యుండీ గమనించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టెన్త్‌లో మార్కులు పరవాలేదనిపించాయి. అంతకుముందే ఒక రెసిడెన్షియల్ కాలేజీ పీఆర్వో రెండుసార్లు ఇంటికొచ్చి అడ్వాన్స్ కట్టించుకుని పోయాడు. పోయిన ఏడాది నెల్లూరులో ఎంపీసీలో చేర్చారు. ఏడాదికి లక్షా అరవై వేలు. అక్క చేతి గాజులు బ్యాంకులో పెట్టి మొదటి విడత కట్టింది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడి నోటుబుక్కు తీసి చూశా. చేతిరాత ముత్యాల్లా ఉంది. మాత్రికల లెక్కలు పేజీలకు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. నాకు బో సంతోషం వేసింది. ఒక లెక్క ఇచ్చి చేయమన్నా, గడగడా చేసేశాడు. అదే లెక్కలో 2 ఉన్నచోట 3 పెట్టి మళ్ళీ ఇచ్చా. పెన్ను ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో చూద్దామని ఒక్కో మెట్టే వెనక్కి తీసుకెళ్ళా. చివరికి కాగితం మీద 3/4 + 1/2 రాసి ఇచ్చా. వాడు 4/6 అని రాశాడు.

"ఎట్టా వచ్చింది నాయనా?" అన్నా.

"పైవి పైకి, కిందివి కిందికి కలపాల గదా పిన్నీ?"

ఆరేళ్ళుగా ఆ పిల్లవాడు అదే పద్ధతి మనసులో పెట్టుకుని, దాని మీద టెన్త్ లెక్కలూ ఇంటర్ లెక్కలూ బట్టీ పట్టి పేర్చుకుంటూ వచ్చాడు. తెలివి తక్కువవాడు కాదు. చెప్పాల్సిన ఏడాదిలో చెప్పేవాళ్ళు లేరు, అంతే.

ఇది మా ఇంట్లో ఒక్కడి కథ అయితే రాసేదాన్ని కాదు. మన రాష్ట్రంలో 2019లో టెన్త్ పాసైనవాళ్ళు 94.88 శాతం. 2020, 2021లో పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. మళ్ళీ పరీక్ష పెట్టిన 2022లో అది 67.26కు పడిపోయింది. పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ వేసే అసర్ నివేదికలో ఇంకో లెక్క ఉంది. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. 2024కు మళ్ళీ 27.1కి వచ్చింది. కరోనా నష్టం పూడిపోయిందని ఈ అంకె చూపించి చెబుతుంటారు. కానీ 2024లో మూడో తరగతిలో ఉన్నవాళ్ళు వేరే పిల్లలు. బడులు మూతపడినప్పుడు వాళ్ళింకా ఒడిలో పిల్లలే. నష్టపోయినవాళ్ళు ఆ లోటుతోనే పైతరగతులకు పోయారు, ఇప్పుడు మన ముందు ఇంటర్ అప్లికేషన్ పట్టుకుని నిలబడ్డారు.

కాబట్టి ఏ కాలేజీ మేలు అని అడిగితే ఫీజు, ర్యాంకులు, ఫ్లెక్సీలు అన్నీ తర్వాత. పిల్లవాణ్ణి ఐదో తరగతి దాకా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ముందుకు తీసుకొచ్చే తీరిక ఎక్కడ దొరుకుతుంది? నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే.

రెసిడెన్షియల్‌లో ఆ తీరిక దొరకదు. అక్కడి లెక్చరర్లు చెడ్డవాళ్ళని కాదు. చాలామంది బాగా చెబుతారు, ఫోన్ ఉండదు, చుట్టూ చదివే పిల్లలుంటారు, పునాది గట్టిగా ఉన్నవాడికి ఎంసెట్, జేఈఈ పద్ధతి బాగా ఒంటబడుతుంది. (పేరు ఈఏపీసెట్ అయినా మనకింకా ఎంసెట్టే.) కానీ తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పది దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, టెస్టు మార్కులను బట్టి సెక్షన్. ఆ పరుగులో భిన్నాలు రావని చేయెత్తి చెప్పే ధైర్యం పదహారేళ్ళ పిల్లవాడికి ఎక్కడుంటుంది? చెప్పినా, అరవైమంది క్లాసులో ఆగి క.సా.గు. నేర్పేదెవరు? పిల్లవాడికి తప్పించుకునే దారి బట్టీ ఒక్కటే. మా అక్క కొడుకు అదే చేశాడు. దసరా తర్వాత వెనక్కి పోనని వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాడు. మాన్పించాం. కట్టిన డబ్బు పైసా తిరిగి రాలేదు.

ఇంటి దగ్గరి గవర్నమెంటు జూనియర్ కాలేజీకి లోపాలు లేవని నేను చెప్పను. లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నచోట గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తారు, వాళ్ళు వచ్చేదాకా ఆ సబ్జెక్టు ఆగుతుంది. క్లాసు ఎగ్గొట్టి బస్టాండులో తిరిగే పిల్లలు కనిపిస్తారు. పాఠ్యపుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు, ఖర్చు దాదాపు లేదు. అయితే నేను దాన్ని ఎంచుకున్నది డబ్బు కోసం కాదు. సాయంత్రం పిల్లవాడు ఇంటికొస్తాడు. భోజనానికి ముందు ఒక గంట నా పక్కన కూర్చుంటాడు. ఆ గంటలో ఇంటర్ పుస్తకం ముట్టుకోం. అక్క కొడుకు కూడా అక్కడే చేరాడు, ఇద్దరికీ కలిపి ఆరో తరగతి పుస్తకం ముందేసుకుని మొదలుపెట్టాం. మొదటి వారం ఇద్దరికీ నామోషీ, తలుపు దగ్గరికి వేసుకుని కూర్చునేవాళ్ళు. రొట్టెను తుంచి, సగంలో సగం ఎంతో చూపించి, హారాలు ఎందుకు ఒకటి చేయాలో చెప్పాను. పదిహేను రోజులకు పెద్దవాడు తనంతట తానే 3/4ను పక్కన పెట్టుకుని 1/2ను 2/4గా మార్చి, 5/4 అని రాసి నా వైపు చూశాడు.

ఇంట్లో లెక్కలు వచ్చినవాళ్ళు లేకపోతే ఎలా అని అడుగుతారు. మీరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయో, రిటైరైన అయ్యవారో నెలకు ఐదారు వందలకు ఆ గంట కూర్చుంటారు. వాళ్ళ దగ్గర ఇంటర్ చెప్పించకండి, ఐదు నుంచి ఎనిమిది దాకా తిరగేయించండి. మీ పని రోజూ నోటుబుక్కు తెరిచి చూడడం. తేదీ వేసి ఉందా, ఇవాళ ఎన్ని చేశాడు, ఎన్ని తప్పాయి, ఇంతే. చదువురాని తల్లి కూడా ఈ పని చేయగలదు, చేస్తున్నవాళ్ళను నేను చూస్తున్నాను.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. కరోనా రెండేళ్ళలో బడి మానేసిన ఆడపిల్లలకు సంబంధాలు చూసి చేసేసిన ఇళ్ళు మా చుట్టుపక్కల నాకు తెలుసు. ఇప్పుడు కూడా "హాస్టల్‌కు పంపలేం, ఇక చాలు" అంటున్నవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర హాస్టలా, ఇల్లా అన్న వాదనే పెట్టుకోవద్దు. బస్సులో పోయి వచ్చే కాలేజీ ఏదున్నా సరే, ముందు అప్లికేషన్ వేయించండి. చదువు తెగకుండా ఉంటే లోటు తర్వాతైనా పూడ్చుకోవచ్చు.

పాలిటెక్నిక్ మంచి దారే, చేతిపని మీద ఆసక్తి ఉన్నవాడికి ఇంకా మంచిది. ఒంగోలులో డి.ఎ. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే, మూడేళ్ళ డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అయితే లెక్కలు తప్పించుకోవడానికి అటు పంపుతున్నామంటే మాత్రం పొరపాటు. అక్కడ మొదటి ఏడాది లెక్కల్లోనే పాక్షిక భిన్నాలు ఎదురవుతాయి. మామూలు భిన్నాలు రానివాడు అక్కడ ఇంకా ముందే ఇరుక్కుంటాడు. ఐటీఐ సంగతి పిల్లవాడికి ఫలానా ట్రేడే కావాలని ఉంటే చూడండి. ట్రిపుల్ ఐటీ సీటు వచ్చే మార్కులుంటే ఆలోచించకుండా పంపండి.

తేల్చుకునే ముందు ఇంట్లో చిన్న పని చేయండి. ఫోన్ పక్కన పెట్టించి, కాగితం మీద ఈ ఐదూ రాసి ఇవ్వండి: 3/4 + 1/2, 432 ÷ 12, 7 × 0.6, 240లో 15 శాతం, −3 − 5. జవాబులు వరుసగా 5/4, 36, 4.2, 36, −8. తిట్టకుండా, పక్కన నిలబడకుండా పది నిమిషాలు వదిలేయండి. నాలుగో ఐదో సరిగ్గా చేశాడంటే పునాది ఉన్నట్టే. మీకు స్తోమతుండి, వాడికి ఇష్టమై ఉంటే హాస్టల్లో వేసినా భయం లేదు. మూడు తప్పాయంటే ఎవరెన్ని ర్యాంకులు చూపించినా ఈ రెండేళ్ళు పిల్లవాణ్ణి కళ్ళముందే ఉంచుకోండి. రెండు తప్పితే ఏ రెండో చూడండి. భిన్నం, శాతం తప్పితే నేనైతే ఇంట్లోనే ఉంచుతా.

మొన్న పామూరుకు చెందిన ఒకమ్మ ఫోన్ చేసింది. భార్యాభర్తలిద్దరూ హైదరాబాదులో బిల్డింగ్ పనిలో ఉన్నారు, పిల్లవాడు అవ్వ దగ్గర, అవ్వకు చూపు ఆనదు. ఐదిట్లో రెండే చేశాడు. ఇంట్లో ఉంచమని నేను చెప్పలేకపోయాను. అక్కడ ఇల్లున్నా ఆ గంట కూర్చునే మనిషి లేరు. ప్రభుత్వ గురుకులానికి ప్రయత్నించమన్నా. చేర్చే రోజే వార్డెన్‌తో కాదు, లెక్కల సార్‌తో మాట్లాడి, మా వాడికి భిన్నాలు రావు అని పిల్లవాడి ముందే చెప్పమన్నా. వాడు సిగ్గుపడతాడేమోనని ఆ తల్లి వెనకాడింది. ఆ మాట మనం ముందే అనేస్తే, తర్వాత అడగడానికి వాడికి భయం ఉండదు తల్లీ అన్నాను.