ఫూల్ అస్: ‘అదంతా ఎడిటింగే’ అనేవాళ్లకు చూపించాల్సిన మ్యాజిక్ షో

టీవీలో మ్యాజిక్ వస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: ‘అదంతా ఎడిటింగే’. హాల్లో కూర్చున్నవాడికి ఈ అనుమానం రాదు. చేతిలో ఏదో దాచాడనో, బల్ల కింద ఇంకేదో ఉందనో అనుకుంటాడు. ఆ అనుమానాలను తిప్పికొట్టడం మెజీషియన్‌కు వచ్చు, అతని విద్య అంతా దాని కోసమే. ఎడిటింగ్ అన్న అనుమానానికి మాత్రం అతని దగ్గర మందు లేదు. దాన్ని కార్యక్రమం తీసేవాళ్లే తీర్చాలి. పెన్ అండ్ టెల్లర్ అనే అమెరికా మెజీషియన్ల జంట కార్యక్రమం ‘ఫూల్ అస్’ ఆ పని చాలావరకు చేయగలిగింది. టీవీ మ్యాజిక్‌లో మొదట దేన్ని చూడాలని ఎవరైనా అడిగితే దీన్నే చెప్తాం. లోపాలు లేవని కాదు, వాటి సంగతీ చెప్తాం.

పద్ధతి ఇది. బయటి నుంచి వచ్చిన మెజీషియన్ వేదికెక్కి ఒక ఐటెం చేస్తాడు. పెన్ జిలెట్, టెల్లర్ ఇద్దరూ హాల్లో ముందు కూర్చుని చూస్తారు. ఒక్కసారే చూస్తారు, రీప్లే ఉండదు. తర్వాత కాసేపు గుసగుసలాడుకుంటారు. అది ఎలా జరిగిందో పెన్ చెప్పాలి. టెల్లర్ ఎప్పటిలాగే వేదిక మీద మాట్లాడడు. సరిగ్గా చెప్పారా, ఓడిపోయారా అన్నది ఆ మెజీషియనే ఒప్పుకోవాలి. అతను చేసే పద్ధతి నిర్వాహకులకు ముందే తెలుసు కాబట్టి అబద్ధం చెప్పే వీలు లేదు. ఆ తీర్పు పని చాలాకాలం జానీ థాంప్సన్, మైకేల్ క్లోజ్ చూశారు. థాంప్సన్ 2019లో చనిపోయారు. పెన్, టెల్లర్ ఇద్దరినీ బోల్తా కొట్టించినవాళ్లకు ఒక ట్రోఫీ, లాస్ వెగాస్‌లో ఆ ఇద్దరి షోలో చేసే అవకాశం దక్కుతాయి.

ఇది 2011లో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైంది, జోనాథన్ రాస్ వ్యాఖ్యాత. అక్కడ ఆగిపోయింది. 2014లో ఆ ఎపిసోడ్లనే అమెరికాలో సీడబ్ల్యూ ఛానల్ వేస్తే జనం చూశారు. అలా 2015 నుంచి లాస్ వెగాస్‌లోని రియో హోటల్లో పెన్ అండ్ టెల్లర్ సొంత థియేటర్‌లోనే కొత్తవి తీయడం మొదలుపెట్టారు.

ఆ ఇద్దరినీ హాల్లో కూర్చోబెట్టడంలోనే కిటుకంతా ఉంది. కెమెరా అబద్ధం చెప్పదని ప్రేక్షకుడికి ఎవరు హామీ ఇస్తారు? 1960లో అమెరికా సీబీఎస్ ఛానల్లో మెజీషియన్ మార్క్ విల్సన్ ‘మ్యాజిక్ ల్యాండ్ ఆఫ్ అల్లకజామ్’ మొదలుపెట్టినప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నారు: ఎదురుగా నిజమైన ప్రేక్షకులు ఉండాలి, ట్రిక్ జరిగేటప్పుడు కెమెరా పక్కకు పోకూడదు. 1983లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ స్వేచ్ఛా విగ్రహాన్ని మాయం చేసినప్పుడు కూడా ఆ విగ్రహం ఉన్న దీవిలో కొంతమందిని కూర్చోబెట్టి, వాళ్లు చూసిందే మీరూ చూస్తున్నారు అన్నారు. కానీ ఆ ప్రేక్షకులు కూడా కుమ్మక్కయ్యారేమో అన్న అనుమానం ఇంట్లో చూసేవాడికి మిగిలే ఉంటుంది. ‘ఫూల్ అస్’లో ఆ ప్రేక్షకుల మధ్య ఇద్దరు నిపుణులున్నారు, ట్రిక్ పట్టుకోవడమే వాళ్ల పని. కెమెరా మాయ ఏదైనా ఉంటే వాళ్ల ముందు పనికిరాదు, ఎందుకంటే వాళ్లు తెర మీద కాదు, కళ్లారా చూస్తున్నారు. వాళ్ల ముఖంలో ఆశ్చర్యం కనిపించినప్పుడు మనం ఇంట్లో కూర్చునే నమ్ముతాం.

టీవీ ఎంత నమ్మించగలదో మనవాడొకడు ఎప్పుడో చూపించాడు. 1956 ఏప్రిల్‌లో బీబీసీ ‘పనోరమా’ ప్రత్యక్ష ప్రసారంలో పి.సి. సర్కార్ రంపంతో అమ్మాయిని రెండుగా కోశాడు. ఆమెను తిరిగి లేపకముందే వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందన్నాడు. అమ్మాయి నిజంగా చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు స్తంభించాయి. మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో అదే వార్త. ప్రసారం ప్రత్యక్షమైనది, కట్ లేదు, ముగింపు దొరకలేదు. వేదిక మీద ఈ దెబ్బ సాధ్యం కాదు, తెర దించేముందు అమ్మాయి లేచి నమస్కారం పెట్టి తీరాలి.

ఇక ఏ రకం మ్యాజిక్ ఈ షోలో బాగా వస్తుందో చూద్దాం. పేకముక్కలదే పైచేయి. ఐదో వరసలో కూర్చున్నవాడికి ఇస్పేటో కళావరో కనిపించదు, కెమెరాకు వేలిముద్ర కూడా కనిపిస్తుంది. షిన్ లిమ్ ఇక్కడ నోరు విప్పకుండా, సంగీతం మీద, చిన్న బల్ల దగ్గర చేసిన ఐటెం దీనికి మంచి ఉదాహరణ. ఇద్దరినీ బోల్తా కొట్టించాడు. 2018లో అమెరికాస్ గాట్ టాలెంట్ గెలిచింది కూడా ఇదే శైలితో. ముక్క రంగు మారడానికి అతనికి పట్టేది రెప్పపాటు. పదో వంతు సెకను అనుకుంటే సెకనుకు 30 ఫ్రేముల అమెరికా టీవీలో మూడు ఫ్రేములు. మామూలు వేగంలో కన్ను పట్టుకోలేదు. ఫోన్లో ఆపి ఆపి చూసేవాడికి మాత్రం మూడు బొమ్మలు దొరుకుతాయి. అందుకే నేటి టీవీ మెజీషియన్ ఆ మూడు ఫ్రేముల్లో కూడా చెయ్యి శుభ్రంగా కనిపించేలా సాధన చేయాలి. హాల్లో పనికొచ్చే పెద్ద ఊపు ఇక్కడ పనికిరాదు. ఊపు పెద్దదయ్యేకొద్దీ దాని కింద ఏదో జరిగిందని ఫ్రేము చెప్పేస్తుంది.

రిచర్డ్ టర్నర్ ఐటెం తప్పక చూడండి. ఆయనకు చూపు లేదు. కట్ట పైముక్కను అలాగే ఉంచి దాని కింది ముక్కను పంచడం జూదగాళ్ల పాత విద్య. తేడా తెలిసేది రెండు చోట్ల. పైముక్క అంచు కాస్త కదులుతుంది, ముక్క జారే శబ్దం మారుతుంది. కెమెరా దగ్గరగా పెట్టి నెమ్మదిగా చేయమంటే చాలామంది ఆ రెండు చోట్లే దొరికిపోతారు. ఆయన దొరకడు. ఇలాంటి విద్యకు టీవీని మించిన వేదిక లేదని గట్టిగా చెప్పగలం.

పెట్టెలు, గాల్లో తేలడాలు, నల్లతెర ముందు వస్తువులు ఎగరడాలు మాత్రం ఇక్కడ సగం బలంతోనే వస్తాయి. తప్పు మెజీషియన్లది కాదు. మనిషి పట్టే పెట్టె హాల్లో పలచగా కనిపించడానికి ప్రేక్షకుడి చూపు వచ్చే కోణం కారణం. ఎదురుగా, కాస్త కిందినుంచి చూస్తేనే ఆ కొలత నిలుస్తుంది. క్రేన్ కెమెరా మీటరు పైకి లేచిందంటే బల్ల మందం బయటపడుతుంది. పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టిన కెమెరాకు అరచేతి వెనక దాచింది కనిపిస్తుంది. ఇవి తెలిసిన దర్శకుడు పెట్టె ఐటెంకు కెమెరాలను మధ్య వరసల ఎత్తులోనే ఉంచుతాడు. ‘ఫూల్ అస్’ బృందం ఈ జాగ్రత్త తీసుకుంటుంది. కానీ దాని ఫలితంగా ఐటెం చప్పగా, దూరంగా అయిపోతుంది.

నల్లతెర మ్యాజిక్ పరిస్థితి ఇంకా కష్టం. హాల్లో వేదిక అంచున దీపాలు ప్రేక్షకుడి వైపు వెలుగుతాయి, కంటిపాప చిన్నదవుతుంది, వెనక నల్ల వెల్వెట్ ఒకటే చీకటి గోడలా కనిపిస్తుంది. కెమెరాకు కంటిపాప లేదు. తర్వాత రంగులు సరిచేసేవాడు నీడలు కొంచెం పైకి లేపాడంటే వెల్వెట్ మడతలు, దాని మీది దుమ్ము అన్నీ తేలతాయి. వస్తువులను గాల్లో తేల్చే దారం సంగతీ అంతే. తలవెంట్రుక కంటే సన్నని దారం కూడా వెనకనుంచి దీపం పడితే మెరుస్తుంది. వెనక సాదా తెర కాకుండా గీతలో పూలో ఉన్నది వేసి, దీపాన్ని ముందునుంచి మెత్తగా పడేలా పెడితే ఆ మెరుపు తగ్గుతుంది. మన దగ్గర టీవీ స్టూడియోల్లో మ్యాజిక్ చేయబోయేవాళ్లు లైటింగ్ మనిషితో మాట్లాడాల్సిన మొదటి విషయం ఇదే.

అన్నిటికంటే పెద్ద నష్టం సమయానిది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మెజీషియన్ రహస్యంగా చేసే పనికీ, ఫలితం కనిపించడానికీ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో ప్రేక్షకుడు మొదటిది మర్చిపోతాడు. మన మ్యాజిక్ షోల్లో ‘వాటర్ ఆఫ్ ఇండియా’ చూసినవాళ్లకు ఇది తెలుసు. చెంబులో నీళ్లన్నీ ఒంపేసి పక్కన పెడతారు. మరో రెండు ఐటెంలు అయ్యాక మళ్లీ వచ్చి ఒంపితే మళ్లీ నీళ్లు. రెండు గంటల షోలో ఏడెనిమిది సార్లు ఒంపితే చివరికి చెంబు ముట్టుకోగానే హాలంతా నవ్వుతుంది. దీన్నే ఐదు నిమిషాల టీవీ ముక్కలో వరసగా మూడుసార్లు ఒంపితే చెంబులో ఏదో అర ఉందని పిల్లలు కూడా చెప్తారు. ‘ఫూల్ అస్’లో ఒక్కో ఐటెంకు దొరికేది కొద్ది నిమిషాలే. ఖాళీ సమయం, కబుర్లు, నీళ్లు తాగడం అన్నీ కత్తిరించాలి. ఆ కబుర్లలోనే అసలు పని జరిగేదని ఎడిటర్‌కు తెలియదు.

మనసు చదివే ఐటెంలకు ఇంకో చిక్కు. బి.వి. పట్టాభిరామ్ లాంటివాళ్లు హాల్లోంచి మనిషిని పిలిచి హిప్నాటిజం చేసినప్పుడు, వేదిక మీదికి వెళ్లింది మన పక్కసీటు మనిషే. తిరిగి వచ్చాక అడగొచ్చు. టీవీలో ఆ పక్కసీటు లేదు, ముందే మాట్లాడుకున్నారని అనిపిస్తుంది. దీనికి విరుగుడుగా మెజీషియన్లు వెనక్కి తిరిగి బంతి విసిరి, ఎవరి చేతిలో పడితే వాళ్లను పిలుస్తారు. ఆ బంతి పోయే దారిని కెమెరా ఆగకుండా చూపించాలి. బంతి గాల్లో ఉండగా కట్ పడితే ఆ జాగ్రత్త అంతా వృథా.

మాకు ‘ఫూల్ అస్’ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే. ముక్క తిప్పబోతుంటే చప్పున పెన్ ముఖం, మళ్లీ టెల్లర్ ముఖం చూపిస్తారు. నాటకీయత కోసం చేస్తున్నారని అర్థమవుతుంది. కానీ ఆ రెండు సెకన్లలో చేతులు ఎక్కడున్నాయో మనం చూడలేదు. విల్సన్ 1960లోనే వద్దనుకున్న పని ఇది. ముఖాలను తెర మూలలో చిన్న గడిలో చూపిస్తే సరిపోతుంది.

పెన్ వివరణ కూడా తెలుగు ప్రేక్షకుడికి కొంత ఇబ్బందే. రహస్యం బయటపెట్టకూడదు కాబట్టి పాత మెజీషియన్ల పేర్లు, పరికరాల పేర్లు మాటల మధ్య దూర్చి సంకేతంగా మాట్లాడతాడు, అదీ చాలా వేగంగా. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. రహస్యం తెలియకపోయినా ఆ మెజీషియన్ ముఖం చూస్తే పట్టుబడ్డాడో లేదో తెలిసిపోతుంది. రహస్యాలు బట్టబయలు చేయడమే పనిగా 1997లో ఫాక్స్ ఛానల్లో ముసుగు మెజీషియన్ కార్యక్రమం వచ్చింది. దానికంటే ఇది ఎంతో మర్యాదగా ఉంటుంది, నేర్చుకునేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

యూట్యూబ్‌లో వాళ్ల అధికారిక ఛానల్లో విడివిడి ఐటెంలు దొరుకుతాయి. ఒక్కోటీ రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా, కింద కామెంట్లు చదవకుండా. రెండోసారి శబ్దం ఆపేసి, మెజీషియన్ ఎటు చూడమంటున్నాడో దానికి వ్యతిరేకంగా ఉన్న చేతినే చూస్తూ. పిల్లలకు మ్యాజిక్ నేర్పించాలనుకునేవాళ్లు షిన్ లిమ్‌తో మొదలుపెట్టకండి, ఆ వేగం చూసి నిరుత్సాహపడతారు. ఎపిసోడ్ చివర పెన్, టెల్లర్ తామే చేసే ఐటెంలతో మొదలుపెట్టండి. పారదర్శకమైన గ్లాసులతో వాళ్లు చేసే గిన్నెలూ బంతుల ఆట దొరికితే అది ముందు. గ్లాసులోంచి అంతా కనిపిస్తూనే ఉంటుంది, అయినా బంతి ఎప్పుడు లోపలికి వెళ్లిందో కన్ను పట్టుకోలేదు.