హజ్జా, కోర్టోయిస్ వాగుల్లో బాస్ చేపల వేట: బస ఎక్కడ, నీళ్లలో దిగేది ఎక్కడ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగరం నుంచి ఐ-44 హైవే మీద నైరుతిగా వెళ్లి, క్యూబా అనే ఊరి దగ్గర 208వ ఎగ్జిట్ తీసుకోవాలి. అక్కడి నుంచి 19వ నంబరు రోడ్డు మీద స్టీల్‌విల్ చేరి, 8వ నంబరు రోడ్డు తూర్పుకు పడితే ముందు హజ్జా క్రీక్, తర్వాత కోర్టోయిస్ క్రీక్ తగులుతాయి. దారి అడిగేటప్పుడు కోర్టోయిస్‌ను ‘కోడవే’ అనండి, అక్కడివాళ్లు అలాగే పిలుస్తారు. మెరమెక్ నదిలో కలిసే ముందు రెండూ ఒకటవుతాయి. ఊటనీళ్లు, గులకరాళ్ల అడుగు, మోకాలి నుంచి నడుము దాకా లోతు. స్మాల్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేపకు ఇంతకంటే మంచి చోటు సెయింట్ లూయిస్‌కు దగ్గర్లో దొరకడం కష్టం.

నడిచి గాలం వేసేవాళ్లకు కోర్టోయిస్ మేలు. వేసవి శనివారాల్లో పొద్దున పది దాటితే హజ్జా నిండా పడవలు, తెప్పలు, ట్యూబులే. కోర్టోయిస్ మీద కూడా రద్దీ ఉంటుంది కానీ అంత కాదు. హజ్జాకే వెళ్లాలనుకుంటే డేవిస్‌విల్ వైపు ఎగువ భాగం చూసుకోండి. వాగు అక్కడ సన్నగా ఉంటుంది కాబట్టి పడవలు తక్కువ. ఏ వాగైనా తెల్లవారిన దగ్గర్నుంచి తొమ్మిదిన్నర దాకా ఉండే సమయమే అసలు వేట. అందుకే బస ఎంపికలో చూడాల్సింది మంచం మెత్తదనం కాదు, తెల్లారేసరికి నీళ్లలో ఉండగలమా లేదా అన్నది.

ఆ లెక్కన మొదటి స్థానం రెడ్ బ్లఫ్‌ది. మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్ అది, హజ్జా ఒడ్డునే ఉంటుంది. గుడారం నుంచి నడిచి నీళ్లలోకి దిగొచ్చు. పిల్లలతో వెళ్తే లీస్‌బర్గ్ దగ్గరి ఆనన్‌డాగా కేవ్ స్టేట్ పార్క్ సుఖం: కరెంటు, స్నానాల గదులు, చూడటానికి గుహ ఉన్నాయి. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు, గుహ చూడటానికి మాత్రం టికెట్ కొనాలి. అయితే అది మెరమెక్ ఒడ్డున ఉంది, వాగుల దగ్గరికి కారులో వెళ్లాల్సిందే. పడవలు అద్దెకిచ్చే రిసార్ట్‌ల క్యాబిన్లు నీటికి దగ్గరే కానీ శనివారం రాత్రి నిద్ర మీద ఆశ వదులుకోవాలి. వారం మధ్యలో మాత్రం అవే బంగారం. క్యూబాలో రూట్ 66 మీది వాగన్ వీల్ మోటెల్ ముచ్చటగా ఉంటుంది, కానీ చీకట్లోనే బయల్దేరాలి.

పడవ అద్దెకిచ్చేవాళ్లు ఆరు మైళ్ల దూరాన్ని మూడు నాలుగు గంటల లెక్కన చెబుతారు. ఆగి ఆగి గాలం వేస్తే దానికి రోజంతా పడుతుంది. మీ కారు దిగువన పెట్టి, ముందే ఎగువకు తీసుకెళ్లి దింపమని అడగండి. అప్పుడు వాళ్ల బస్సు వేళకు పరిగెత్తే పని ఉండదు.

సామాను తేలికగా ఉండాలి. ఆరడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్, 2000 సైజు రీలు, ఆరు పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైను (గాలం దారం). 1/16 లేదా 1/10 అవున్సు జిగ్ హెడ్‌కు (బరువు గుండు ఉన్న గాలపు ముల్లు) మూడంగుళాల లోపు గోధుమ రంగు ప్లాస్టిక్ ఎర. ఇక్కడి బాస్‌కు ముఖ్యాహారం రాళ్ల కింద ఉండే, రొయ్యలాంటి క్రేఫిష్, ఎర దానిలాగే కనిపించాలి. పావు అవున్సు జిగ్ రాళ్ల సందుల్లో దిగబడి పోతుంది. చిక్కుకుంటే లాగొద్దు, దాన్ని దాటి అవతలికి వెళ్లి వెనక్కి తీస్తే చాలాసార్లు వచ్చేస్తుంది.

ఎగువకే నడవాలి. దిగువకు నడిస్తే కాళ్ల కింద రేగిన ఒండ్రు మనకంటే ముందే చేపను చేరుతుంది. బాస్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది కనుక వెనక నుంచి వచ్చే మనిషిని త్వరగా పసిగట్టదు. పరుగునీరు మడుగులోకి దిగే చోట, నురగ ఆగిపోయే అంచు చూడండి. ఆ అంచుకు రెండు గజాలు పైన ఎర వేసి, లైను వదులు మాత్రం తీస్తూ, నీటి వేగంతోనే దొర్లనివ్వాలి. ఎర ప్రవాహం కంటే వేగంగా వస్తే చేప వెంటపడి ఆగిపోతుంది. దొర్లుతున్న ఎర ‘టక్’మని ఆగితే అది రాయి. లైను పక్కకు జరిగితే అది చేప, రాడ్ మెల్లగా పైకెత్తితే చాలు.

ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డు పక్కన గులకరాళ్లలో శుభ్రం చేసినట్టు గుండ్రటి మచ్చ కనిపిస్తే అది గూడు. మన కొరమీను పిల్లల్ని కాసినట్టే మగ బాస్ గుడ్లను కాస్తుంది. దాన్ని పట్టి కాసేపు పక్కకు తీసినా చాలు, చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. మిస్సోరి నదికి దక్షిణాన ఉన్న వాగుల్లో మార్చి 1 నుంచి మే నాలుగో శనివారం దాకా పట్టిన బాస్‌ను వదిలేయాలన్న నియమం అందుకే. ఆ తర్వాత కూడా వదిలేయడమే న్యాయం, ఈ వాగుల్లో బాస్ అడుగు పొడవు పెరగడానికి ఏళ్లు పడుతుంది.

బయల్దేరే ముందు స్టీల్‌విల్, బెరిమన్ దగ్గరి యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) నీటిమట్టం గ్రాఫులు చూడండి. గీత పైకి లేస్తుంటే ప్రయాణం మానుకోండి. వాన పడితే ఈ వాగులు గంటల్లో పొంగుతాయి, గులకదిబ్బ మీద గుడారం వేయడం ప్రమాదం. గాజు సీసాలు, థర్మోకోల్ కూలర్లు నీళ్ల మీదికి తేవడం నిషిద్ధం. 1954లో ఎల్డర్-డెల్కోర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇలాంటి వాగుల్లో పడవ నడపడానికి, నీళ్లలో నడిచి చేపలు పట్టడానికి జనానికి హక్కుందని చెప్పింది. ఒడ్డు దాటి పైకి ఎక్కితే మాత్రం అది వేరొకరి పొలం. చెట్టుకు ఊదా రంగు పూసి ఉంటే లోపలికి రావొద్దని అర్థం.