గచ్చిబౌలిలో పది వారాల బౌలింగ్ లీగ్: ఒక కొత్త సభ్యురాలి అభిప్రాయం

బౌలింగ్ లీగ్‌లో చేరానని ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తగారు "ఈ వయసులో క్రికెట్ ఏమిటమ్మా?" అన్నారు. హైదరాబాదులో ఆ మాటకు మొదట తోచే అర్థం అదే కనుక ఆమెను తప్పుపట్టలేను. నేను చేరింది పది పిన్‌లను బంతితో పడగొట్టే ఆటలో. గచ్చిబౌలి వైపు ఒక మాల్ పై అంతస్తులో, ప్రతి మంగళవారం రాత్రి ఏడున్నరకు, వారానికి మూడు ఆటల చొప్పున పది వారాలు. అద్దె బూట్లతో కలిపి రుసుము 6,500 రూపాయలు. పిల్లల పుట్టినరోజు వేడుకల్లో రెండు మూడుసార్లు బంతి దొర్లించడం తప్ప నాకు ఈ ఆటతో పరిచయం లేదు.

చూడడానికి ఇది తేలికగానే కనిపిస్తుంది. బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత, అంటే ఫౌల్ లైన్, నుంచి మొదటి పిన్‌కు 60 అడుగులు, అంటే క్రికెట్ పిచ్ కంటే 6 అడుగులు తక్కువ. లేన్ వెడల్పు సుమారు మూడున్నర అడుగులు. ఆ సన్నని దారిలో నా మొదటి మూడు బంతులూ పక్క కాలువలోనే పడ్డాయి. పైగా బింకానికి 14 పౌండ్ల బంతి ఎత్తుకున్నాను. దాని బొటనవేలి రంధ్రం బిగుతుగా ఉండడంతో రెండో ఆట ముగిసేసరికి వేలు కమిలి ఉబ్బింది. మా జట్టులోని ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఏమీ అనకుండా 10 పౌండ్ల బంతి తెచ్చి నా ముందు పెట్టి, "పిన్‌లను చూడకండి, దగ్గరలో ఉన్న ఆ బాణం గుర్తులను చూడండి" అన్నారు. ఫౌల్ లైన్‌కు సుమారు 15 అడుగుల దూరంలో నేల మీద ఏడు బాణం గుర్తులుంటాయని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఈ లీగ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, తక్కువ సగటు ఉన్నవారికి అదనపు పాయింట్లిచ్చే హ్యాండిక్యాప్ పద్ధతి. ఇక్కడ 200 నుంచి ఆటగాడి సగటును తీసివేసి, ఆ తేడాలో 80 శాతాన్ని ప్రతి ఆటకూ కలుపుతారు. మొదటి రాత్రి నేను చేసినవి 88, 97, 100 కనుక నా సగటు 95గా, అదనపు పాయింట్లు 84గా లెక్క తేలింది. రెండో వారం ఎదుటి జట్టులో 170 సగటున్న యువకుడికి కలిసినవి 24 మాత్రమే. అతను 176, నేను 121 పడగొట్టిన ఆటలో లెక్కంతా చూస్తే నాకు 205, అతనికి 200. అతను నవ్వి చేయి కలిపాడు గానీ, అంత పెద్ద తేడాను కాగితం మీద దాటినందుకు నాకు కొంచెం మొహమాటంగానే అనిపించింది. అయితే ఆట మెరుగుపడే కొద్దీ ఈ పాయింట్లు కరిగిపోతాయి; పదో వారానికి నా సగటు 113కు చేరగా, కలిసేవి 69కి దిగాయి.

ఆ మెరుగుదల స్ట్రైక్‌ల వల్ల, అంటే మొదటి బంతికే పది పిన్‌లూ పడగొట్టడం వల్ల, వచ్చింది కాదు. ఆటలోని పది ఫ్రేమ్‌లలో, అంటే రెండేసి బంతుల వంతుల్లో, ప్రతిసారీ మొదటి బంతితో తొమ్మిది పడగొట్టి, రెండో బంతితో మిగిలిన ఒక్కదాన్ని తీయగలిగితే, తరువాతి బంతికి పడినవి మళ్లీ కలుస్తాయి కనుక, స్ట్రైక్ ఒక్కటీ లేకుండానే 190 వస్తుందని ఆ బ్యాంకు పెద్దమనిషి లెక్క వేసి చూపించారు. అప్పటి నుంచి నా సాధన అంతా కుడి మూలన ఒంటరిగా మిగిలిపోయే పదో పిన్ మీదే సాగింది. లేన్‌కు ఎడమ వైపు నిలబడి ఏటవాలుగా వదిలితే అది దొరుకుతుంది. నాకు మూడుసార్లలో ఒకసారి దొరుకుతోంది.

లీగ్ నిర్వహణ మీద నాకు ఫిర్యాదు లేదు. ఎవరైనా రాకపోతే వారి సగటులో 10 తగ్గించి లెక్కలో చేర్చుకుంటారు; ఆ వారం పట్టిక మరునాడు ఉదయానికే వాట్సాప్‌లో ఉంటుంది. బౌలింగ్ కేంద్రం నిర్వహణ మాత్రం వేరే కథ. లేన్ మొదటి 40 అడుగుల మేర పలచగా నూనె పూయడం ఈ ఆటలో మామూలు. బంతి మొదట జారి, నూనె దాటాక నేలను పట్టుకునేది అందువల్లనే. ఇక్కడ శని, ఆదివారాల రద్దీ తరువాత ఆ పూత సరిచేయకుండానే మంగళవారం మమ్మల్ని ఆడించిన రోజులు కనీసం నాలుగున్నాయి. నిటారుగా దొర్లించే నాలాంటివారికి పెద్ద తేడా తెలియదు గానీ, సొంత బంతితో మలుపు తిప్పేవారు ఆ రోజుల్లో తల పట్టుకున్నారు. పిన్‌లు నిలబెట్టే యంత్రం రెండుసార్లు మొరాయించింది. ఒకసారి అరగంట ఆలస్యమై, రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దాదాపు పరుగెత్తవలసి వచ్చింది.

అద్దె బూట్ల సంగతి మరీ అన్యాయం. ఆరో వారం నాకిచ్చిన జతలో ఎడమ బూటు అడుగున ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింక్ ఎండి జిగటగా ఉంది. చివరి అడుగులో జారవలసిన కాలు నేలకు అతుక్కుపోవడంతో బంతి ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. మోకాలి నొప్పి వారం రోజులు తగ్గలేదు. కౌంటర్‌లో చెబితే, క్షమాపణ మాట లేకుండా మరో జత ముందుకు తోశారు.

వచ్చే సీజన్‌కు అదే జట్టులో పేరు ఇచ్చాను. బూట్లు మాత్రం సొంతంగా కొనుక్కున్నాను. కేంద్రం లోపలికి వెళ్లాకే తొడుక్కుంటాను, కౌంటర్ పక్క నుంచి ఆ సంచి పట్టుకునే నడుస్తాను.