రేల, తంగేడు, సీమ తంగేడు: గుర్తుపట్టడానికి పూసే కాలం మేలా, ఆకు మేలా?

హైదరాబాదు రోడ్ల పక్కన కనిపించే పసుపు పూలలో ఏది రేల, ఏది తంగేడు, ఏది సీమ తంగేడు అని పాఠకులు ఏటా వేసవిలో ఒకసారి, బతుకమ్మ ముందు మరోసారి అడుగుతున్నారు. పూసే కాలాన్ని నమ్ముకోవాలా, ఆకును దగ్గరగా చూడాలా అన్నదే ఇందులో తేల్చవలసిన విషయం.

రేల వరకు కాలం చాలావరకు సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలిన కొమ్మల నుండి జానెడు, మూరెడు పొడవున పసుపు గుత్తులు కిందికి వేలాడుతుంటే అది రేలే. ఇంచుమించు అదే సమయంలో పూసే పచ్చ సుంకేసుల గుత్తులు పైకి నిలబడతాయి, మొగ్గలు తుప్పు రంగులో ఉంటాయి. పూలు లేని రోజుల్లో కూడా నల్లని గుండ్రటి కర్రల వంటి కాయలు నెలల తరబడి వేలాడుతూ రేలను పట్టిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూసే పసుపు టబెబూయా పూలు బాకా ఆకారంలో ఉంటాయి కనుక దానితో పేచీ లేదు.

చిక్కంతా వానల తర్వాతే వస్తుంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడు ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉండి, బతుకమ్మ నాటికి విరగబూస్తుంది. ఆగ్నేయాసియా నుండి తెచ్చి మన వీధుల్లో నీడ కోసం నాటిన సీమ తంగేడు కూడా ఆ రోజుల్లోనే పూసి ఉంటుంది. ఒకటి పొద, మరొకటి చెట్టు అన్న తేడా నిజమే అయినా, కరెంటు తీగల కింద నరికిన సీమ తంగేడు మొదలు నుండి గుబురుగా చిగురించినప్పుడు అది కూడా పొదలాగే కనిపిస్తుంది. అందువల్ల ఇక్కడ నా మొగ్గు పూర్తిగా ఆకు వైపే. తంగేడు ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట చెవి ఆకారంలో రెండు వెడల్పాటి పచ్చని రేకులు ఉంటాయి, అవి త్వరగా రాలిపోవు. సీమ తంగేడుకు అలాంటివి కనిపించవు. కాయలు కూడా తోడ్పడతాయి: తంగేడు కాయ పొట్టిగా, కాగితంలా పలచగా ఉంటుంది, సీమ తంగేడు కాయ జానెడు వరకు సాగుతుంది. అయితే పూలు కోసే నాటికి కొమ్మకు కాయ ఉంటుందన్న నమ్మకం లేదు, ఆకు మాత్రం ఉంటుంది.

బతుకమ్మలో పేర్చడానికైతే పొరపాటు వల్ల పెద్ద నష్టం ఉండదు. తంగేడు పూలను ఎండబెట్టి కషాయం కాచుకునేవారికి మాత్రం ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం; థాయిలాండులో సీమ తంగేడు లేతాకును, మొగ్గలను కూరగా తినేవారు కూడా వాటిని ఉడికించి ఆ నీళ్లు పారబోసిన తర్వాతే వండుతారు. కాబట్టి పూలు కోసేముందు ఆకు మొదట్లో ఆ చెవి రేకులు ఉన్నాయో లేదో చూడండి, అవి కనిపించకపోతే ఆ పూలను కషాయానికి వాడకండి.