హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఒక కోవర్కింగ్ స్పేస్: మధ్యాహ్నం ఒకటిన్నర వరకు బాగుంది

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో, 27వ మెయిన్‌కు కాస్త లోపలగా ఉన్న ఒక భవనం పై రెండు అంతస్తుల్లో నడుస్తున్న ఈ కోవర్కింగ్ స్పేస్‌లోని (వేర్వేరు సంస్థలవాళ్ళు, సొంతంగా పనిచేసుకునేవాళ్ళు బల్లలు అద్దెకు తీసుకునే ఉమ్మడి కార్యాలయం) కుర్చీలనూ, కాఫీనీ, గోడల మీది రంగులనూ మెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు. అవి బాగానే ఉన్నాయి. అయితే సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాళ్ళం నెలనెలా అద్దె కట్టేది కుర్చీ కోసం కాదు, ఎవరూ కదిలించని మూడు గంటల కోసం. ఆ మూడు గంటలు ఇక్కడ దొరుకుతాయి, కాని ఉదయం పూటే దొరుకుతాయి.

ఒకే ఆర్డరుకు డబ్బు రెండుసార్లు కోత పడుతోందన్న ఫిర్యాదును ఛేదించాలంటే, విఫలమైన అభ్యర్థనను మళ్ళీ పంపే కోడ్ ఎక్కడుందో, డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ ఎక్కడ ముగుస్తోందో, మధ్యలో సందేశాలను వరుసగా అందించే క్యూ అదే సందేశాన్ని ఎప్పుడు రెండోసారి అందిస్తోందో ఒక్కసారిగా మనసులో నిలుపుకోవాలి. పక్క బల్ల వాళ్ళ సంభాషణలో రెండు వాక్యాలు చెవిన పడితే చాలు, మళ్ళీ మొదటి ఫైలు నుంచి చదువుకుంటూ రావాలి. ఇక్కడి నాలుగవ అంతస్తు ఉదయం వేళ ఇటువంటి పనికి చక్కగా అనువైనది: కీబోర్డుల చప్పుడు, ఏసీ హోరు తప్ప ఏమీ వినిపించవు.

ఆ నిశ్శబ్దం ఎందుకు చెదిరిపోతుందో గమనించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇక్కడ కూర్చునేవారిలో చాలామంది ఐరోపా, అమెరికా సంస్థలకు పనిచేస్తున్నవారు. వేసవి కాలమానంలో బెర్లిన్‌లో తొమ్మిది గంటలైతే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, లండన్‌లో తొమ్మిదైతే మనకు ఒకటిన్నర, న్యూయార్క్‌లో తొమ్మిదైతే సాయంత్రం ఆరున్నర. అందుచేత భోజనాల వేళకు మొదటి కాల్స్ మొదలై, రెండు దాటేసరికి హాలు హాలంతా స్టాండప్‌లతో (జట్టు రోజూ పెట్టుకునే చిన్న సమావేశాలతో) మారుమోగుతుంది. సాఫ్ట్‌వేర్ జట్లు పాటించే స్క్రమ్ అనే పని పద్ధతి నియమం ప్రకారం పదిహేను నిమిషాలు దాటకూడని సమావేశం ఇక్కడ అరగంట సాగడం మామూలే. అక్టోబరు చివర ఐరోపా గడియారాలు గంట వెనక్కి జరిగినప్పుడు మనకు మరో ప్రశాంతమైన గంట కలిసి వస్తుంది, మార్చి చివర అది పోతుంది. నిర్వాహకులు గోడకు అంటించిన ‘మెల్లగా మాట్లాడండి’ అన్న కాగితం కంటే లండన్ గడియారానికే ఇక్కడ ఎక్కువ పలుకుబడి ఉంది.

దీనికి విరుగుడుగా అంతస్తుకు రెండేసి ఫోన్ బూత్‌లు కట్టారు. అవి ఎప్పుడూ నిండే ఉంటాయి, పైగా గాజు తలుపు కింది సందులోంచి మాటలన్నీ బయటికే వస్తాయి. క్యాంటీన్ చూసుకునే మదనపల్లె అతను నేను ముందు వరుసలో బ్యాగు పెట్టడం చూసి, “అక్కడొద్దు సార్, మధ్యాహ్నం నుంచి అక్కడంతా మీటింగులే, వెనక కిటికీ పక్కన కూర్చోండి” అని సలహా ఇచ్చాడు. డబ్బు తీసుకునేటప్పుడు రిసెప్షన్‌లో చెప్పవలసిన మాట అది.

ఇటువంటి చోట్ల అందరూ కలిసి కూర్చుంటే ఆలోచనలు కలుస్తాయని వీరి ప్రకటనల్లో ఊదరగొడతారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్‌తో కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గోడలు తీసేసి బహిరంగ కార్యాలయానికి మారిన రెండు సంస్థల్లో ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గి, ఈమెయిళ్ళు, సందేశాలు పెరిగినట్టు తేలింది. ఇక్కడా అదే తీరు: ఒకే సంస్థలో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్లాక్ అనే చాట్ యాప్‌లోనే మాట్లాడుకుంటారు. నేను వారిని తప్పు పట్టను.

ఇంటర్నెట్ విషయంలో వేగం గురించి ఫిర్యాదు లేదు. రెండు కంపెనీల లైన్లున్నాయి, కరెంటు పోయినా యూపీఎస్ ఆదుకుంటుంది. చిక్కు వేరే చోట ఉంది. అతిథుల వై-ఫైలో 22వ పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ మామూలుగా వాడే దారి) మూసి ఉంచడం వల్ల ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చేసే గిట్ పుష్, అంటే రాసిన కోడ్‌ను సర్వరుకు పంపడం, ఆగిపోతుంది. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ అదే సేవను 443వ పోర్టు మీద కూడా ఇస్తుంది కనుక ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ఆ మార్పు చేసుకుంటే సరిపోతుంది. అలాగే, ఇమేజ్‌లు అనే సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దొరికే డాకర్ హబ్ నుంచి లాగిన్ కాకుండా వాటిని దించుకునేవారికి ఉన్న పరిమితి ఐపీ చిరునామాను బట్టి లెక్కకు వస్తుంది. ఇక్కడ అంతస్తు మొత్తానికి బయటికి కనిపించే చిరునామా ఒక్కటే కాబట్టి, ఎవరో పొద్దున్నే బిల్డులు నడిపి ఇమేజ్‌లు ఎక్కువగా దించుకుంటే ఆ పరిమితి మనకూ తగులుతుంది. లాగిన్ అయి దించుకుంటే ఈ బాధ ఉండదు. ఈ రెండు సంగతులూ సపోర్టు వారికి తెలియవు. పదేపదే రౌటర్ రీస్టార్ట్ చేస్తామంటారు.

హాట్ డెస్క్‌కు (ఏ రోజు ఏ బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చునే ఏర్పాటు) నెలకు 7,500 రూపాయలు, సొంత మానిటర్ వదిలి వెళ్ళగలిగే డెడికేటెడ్ డెస్క్‌కు 11,000, ఆపైన 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్రీలాన్సర్లు బిల్లు మీద తమ నంబరు తప్పక వేయించుకోవాలి, లేకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) పోతుంది. ఫిల్టర్ కాఫీ పరవాలేదు. వీధి చివరి ఆంధ్ర హోటల్లో పప్పు, గోంగూర, నెయ్యితో భోజనం చేసి వచ్చాక ఎలాగూ కష్టమైన కోడ్ ముట్టుకోలేం గనుక, ఆ పూటను కోడ్ రివ్యూలకూ, ఉత్తరాలకూ వదిలేసి, కొత్తగా రాయవలసినదంతా ఉదయానికి పెట్టుకునేవారికి ఈ చోటు గిట్టుబాటు అవుతుంది. రోజంతా కోడ్ రాయాలనుకునేవారు డెడికేటెడ్ డెస్క్ తీసుకున్నా నష్టపోతారు, ఎందుకంటే అదీ అదే హాలులో ఉంటుంది.

ఉదయం పూటకు మాత్రమే సగం ధరకు పాస్ ఇస్తారా అని మేనేజరును అడిగాను. అటువంటి ప్లాను లేదనీ, మరికొందరు అడిగితే ఆలోచిస్తామనీ అన్నారు.